కొత్త యంగ్ అడల్ట్ ఫాంటసీ: ఏది ఇప్పుడే మొదలెట్టాలి, ఏది ఆగి కొనాలి?

#1 అట్టవెనక

వైఏ (యంగ్ అడల్ట్, అంటే టీనేజీ వాళ్ల కోసం రాసే) ఫాంటసీ గురించి ఇక్కడ తలా ఒక థ్రెడ్‌లో అడుగుతున్నారు. అన్నీ ఒకచోట పెడదాం. బాగుందా లేదా అన్నది తర్వాతి మాట. కొనేముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: చేతిలో ఉన్నది సిరీస్‌లో ఎన్నో భాగం, సిరీస్ ముగిసిందా, అసలది వైఏనేనా. వీటిలో ఏది తప్పినా మంచి పుస్తకం కూడా సగంలో మూలన పడుతుంది.

నా ఓటు మొదట మోనిక్విల్ బ్లాక్‌గూస్ రాసిన 'టు షేప్ ఎ డ్రాగన్స్ బ్రెత్' (2023)కి. అనెకుస్‌కి పదిహేనేళ్లు. ఉండేది మాస్క్వాపాగ్ అనే దీవిలో. అక్కడి జనం చాలాకాలంగా చూడని జాతి డ్రాగన్ గుడ్డు దొరుకుతుంది, పిల్ల పుట్టి ఆ అమ్మాయినే పట్టుకుంటుంది. దీవిని ఏలుతున్న పరాయివాళ్ల చట్టం ప్రకారం ఆ పిల్లని వాళ్ల బడిలో తర్ఫీదు ఇప్పించాలి, లేదంటే చంపేస్తారు. ఇక్కడ డ్రాగన్ ఊదితే వస్తువు ఊరికే తగలబడదు, మూలకాలుగా విడిపోతుంది. విడిపోయినదాన్ని ఏ రూపంలోకి మలచాలో ముందే గీసిన బొమ్మలు తేలుస్తాయి. పేరులో ఉన్న 'షేప్' అదే. మంత్రం అంటున్నారుగానీ అది కెమిస్ట్రీయే, మూలకాలకి పేర్లు మార్చి పెట్టారంతే. బడిలో చదివిన ఆవర్తన పట్టిక గుర్తున్నవాళ్లకి ఆ పేర్లను పోల్చుకోవడమే ఒక సరదా.

యుద్ధాలు కావాలనుకునేవాళ్లు మాత్రం దీని జోలికి పోకండి. తగువంతా తరగతి గదిలో, భోజనాల బల్ల దగ్గర, ఎవరు ఎవరిని ఏ పేరుతో పిలవాలన్న దాని మీద నడుస్తుంది. రెండో భాగం 'టు రైడ్ ఎ రైజింగ్ స్టార్మ్' 2026 జనవరిది.

రెండోది రెబెకా రాస్ 'డివైన్ రైవల్స్' (2023 ఏప్రిల్), 'రూత్‌లెస్ వౌస్' (2023 డిసెంబర్). రెండింటితో కథ పూర్తి. ఐరిస్, రోమన్ ఒకే పత్రికలో ఒకే ఉద్యోగానికి పోటీపడే కుర్ర విలేకరులు. నిద్రలేచిన దేవతల యుద్ధానికి పోయిన అన్నకి ఐరిస్ టైప్‌రైటర్ మీద ఉత్తరం కొట్టి బీరువా తలుపు కింది సందులోంచి తోస్తుంది. అది పోయి రోమన్ గదిలో తేలుతుంది. మాయ ఆ టైప్‌రైటర్లు, ఆ తలుపుల చుట్టూనే తిరుగుతుంది కాబట్టి మొదటి భాగం చేయి దాటిపోలేదు. దేవతల గొడవ మాత్రం పలచన. మొదటి భాగం నడిమధ్యలో తెగ్గొట్టినట్టు ఆగుతుంది, రెండోది పక్కన పెట్టుకునే మొదలెట్టండి.

ఆగాల్సినవి: సబా తాహిర్ 'హెయిర్' (Heir, 2024 అక్టోబర్), ఇది రెండు భాగాల కథలో మొదటిది. షిరాన్ జే జావో 'ఐరన్ విడో' (2021), 'హెవెన్లీ టైరంట్' (2024 డిసెంబర్), ఇవి రెండూ చదివినా కథ తెగదు. రెండు భాగాల మధ్య మూడేళ్లు పట్టింది, అది లెక్కలో పెట్టుకోండి.

మిగతావాళ్లు కలపండి.

#2 టోపీలేనిమాంత్రికుడు

బ్రో, డ్రాగన్ కాలేజీ అని చెప్పి 'ఫోర్త్ వింగ్' లేకుండా లిస్టా? 2025 జనవరిలో మూడోది 'ఓనిక్స్ స్టార్మ్' కూడా దిగింది. కాలేజీల్లో అందరి చేతుల్లో అదే.

#3 పాలపిట్ట

తమ్ముడూ, అది వైఏ కాదు. పెద్దవాళ్ల పుస్తకం. హీరోయిన్ వయొలెట్‌కి ఇరవై ఏళ్లు, పడకగది సన్నివేశాలు దాపరికం లేకుండా రాసినవి. డ్రాగన్, కాలేజీ, పోటీలు అన్న మూడు మాటలు చూసి దుకాణాల్లో వైఏ అరలో పెట్టేస్తున్నారు. పందొమ్మిదేళ్ల మీకు సరే, ఎనిమిదో తరగతి పిల్లకి బహుమతిగా కొనిచ్చే మేనమామ పరిస్థితి ఆలోచించండి.

అట్ట చూసి పోల్చుకోలేం, ఎందుకంటే అట్టే మారుతుంది. సారా జె. మాస్ 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' 2015లో వైఏగానే వచ్చింది. 2020లో కొత్త అట్టలతో పెద్దవాళ్ల విభాగంలోకి మార్చారు. లోపలి కథ అదే. పాత అట్ట కాపీలు సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తిరుగుతున్నాయి, వాటి మీద అమ్మాయి బొమ్మ చూసి పిల్లల పుస్తకం అనుకుంటారు.

పోల్చుకునే పద్ధతి ఇది. అమెరికా ప్రచురణల్లో పుస్తకానికి ఒక సబ్జెక్ట్ వర్గం ఇస్తారు. ప్రచురణకర్త సైట్‌లో, చాలా ఆన్‌లైన్ దుకాణాల వివరాల్లో అది కనిపిస్తుంది. 'జువెనైల్ ఫిక్షన్' అని ఉంటే పన్నెండేళ్ల లోపు వాళ్లకి, 'యంగ్ అడల్ట్ ఫిక్షన్' అని ఉంటే పన్నెండు నుంచి పద్దెనిమిదికి, ఉత్త 'ఫిక్షన్' అని ఉంటే పెద్దవాళ్లకి. రొమాన్స్, ఫాంటసీ లాంటివి ఆ తర్వాత వచ్చే ఉపవర్గాలు. ఉపవర్గం కాదు, మొదటి మాట చూడాలి. దాని పక్కన వయసు కూడా వేస్తారు. '12 అండ్ అప్', '14 అండ్ అప్' రెండింటికీ చాలా తేడా ఉంది. పద్నాలుగు అని వేశారంటే హింసో, శృంగారమో, ఆత్మహత్య ప్రస్తావనో ఏదో ఒకటి గట్టిగానే ఉంటుంది.

ఈ లెక్క కూడా నూటికి నూరుపాళ్లు పనిచేయదు. అట్టవెనక గారు మొదట చెప్పిన డ్రాగన్ నవలనే తీసుకోండి. దాన్ని వేసిన డెల్ రే ప్రధానంగా పెద్దవాళ్ల ఫాంటసీ వేసే సంస్థ. అయినా 2024లో ఆ నవలకి వైఏ బహుమతులు రెండు వచ్చాయి: నెబ్యులాలతో పాటు ఇచ్చే ఆండ్రే నార్టన్, హ్యూగోలతో పాటు ఇచ్చే లోడ్‌స్టార్ (నెబ్యులా, హ్యూగో రెండూ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకిచ్చే పెద్ద బహుమతులు). అందుకని వర్గం చూశాక నాయిక వయసు చూడండి, ఆపైన ఉచితంగా పెట్టే మొదటి రెండు అధ్యాయాలు చదవండి.

#4 టోపీలేనిమాంత్రికుడు

సరే అక్కా, ఒప్పుకున్నా. మరి లారెన్ రాబర్ట్స్ 'పవర్‌లెస్'? అది వైఏనే కదా. 2023లో మొదటిది, 2024లో 'రెక్‌లెస్', 2025 ఏప్రిల్‌లో 'ఫియర్‌లెస్'. మూడూ అయిపోయాయి, అట్టవెనక బ్రో రూల్ ప్రకారం పాస్.

#5 అట్టవెనక

రూల్ ప్రకారం పాసే. నచ్చలేదు కాబట్టి రాయలేదు. శక్తులున్న వాళ్లు, లేని వాళ్లు, లేనివాళ్లని వెలివేసిన రాజ్యం, శక్తి ఉన్నట్టు నటిస్తూ పోటీల్లోకి దిగిన అమ్మాయి. ఈ సరుకు ఇంతకుముందు చాలాసార్లు వచ్చిందే. అమ్మాయి శక్తి నటించే పద్ధతి మాత్రం బాగుంది. ఎదుటి మనిషి చెప్పుల మీది బురద, చేతి మీది కాయలు చూసి మనసు చదివినట్టు చెబుతుంది, అంటే గమనింపే ఆమె ఆయుధం. రెండో భాగానికొచ్చేసరికి ఆ గమనింపు పక్కకి పోయి పరుగులు, చూపులు మిగిలాయి. వైఏ ఫాంటసీ ఇంతకుముందు చదవని వాళ్లకి నచ్చుతుంది, కాదనను.

#6 మూడోభాగం

ఆలస్యంగా వచ్చా. వరుసల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఆ పని నాది. జనం ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే.

పవర్‌లెస్: మూడు పెద్ద నవలలు కాక 'పవర్‌ఫుల్', 'ఫియర్‌ఫుల్' అని రెండు చిన్నవి ఉన్నాయి. 'పవర్‌ఫుల్'లో కథ మొదటి నవల జరుగుతున్నప్పుడే ఇంకోచోట జరిగేది. కాలక్రమం చూసి ముందు చదివేశారో, మొదటి నవలలోని ఒక దెబ్బ తేలిపోతుంది. మొదటిది అయ్యాకే ముట్టుకోండి. మానేసినా ప్రధాన కథకి లోటు లేదు.

త్రోన్ ఆఫ్ గ్లాస్ (2012 నుంచి 2018): ఏడు నవలలు, 'ది అసాసిన్స్ బ్లేడ్' అనే పూర్వకథల సంపుటి ఒకటి. పూర్వకథలని మొదట చదవాలా, మూడో నవల 'హెయిర్ ఆఫ్ ఫైర్' తర్వాతా అని ఎప్పటినుంచో కొట్లాట. నా మాట మూడో దాని తర్వాతే. మొదటి నవలలో నాయిక గతం దాచి చెప్పారు, ఆ దాపరికాన్ని మనమే ఎందుకు విప్పుకోవాలి?

ఇంకా పెద్ద చిక్కు ఐదూ ఆరూ. 'ఎంపైర్ ఆఫ్ స్టార్మ్స్' (2016), 'టవర్ ఆఫ్ డాన్' (2017) రెండూ ఒకే కాలంలో, రెండు ఖండాల్లో జరుగుతాయి. ఐదోది గుండె ఆగేచోట ఆపి ఆరోదానిలో ఇంకో పాత్ర వెంట ఎక్కడికో తీసుకుపోతారు. అక్కడ విసుగొచ్చి ఆరోది వదిలేసి ఏడోదానికి దూకేవాళ్లు చాలామంది. ఏడోది 'కింగ్‌డమ్ ఆఫ్ యాష్' వెయ్యి పేజీలకి కాస్త తక్కువ. అందులో సాయానికొచ్చే సగం సైన్యం, వాళ్లతో ఉన్న వైద్యురాలు ఎవరో తెలియక తల పట్టుకుంటారు. అందుకే పాఠకులు ఐదూ ఆరూ జమిలిగా చదివే పద్ధతి పెట్టుకున్నారు: దీంట్లో కొన్ని అధ్యాయాలు, దాంట్లో కొన్ని. అధ్యాయాల పట్టికలు నెట్‌లో దొరుకుతాయి. పేపర్‌బ్యాక్‌లు రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఇది కుదురుతుంది. ఫోన్‌లో రెండు పుస్తకాల మధ్య గెంతుతుంటే మూడో రోజుకే వదిలేస్తారు.

లీ బార్డుగో పుస్తకాలు: 'షాడో అండ్ బోన్' మూడు భాగాలు (2012, 2013, 2014), తర్వాత 'సిక్స్ ఆఫ్ క్రోస్' రెండు (2015, 2016), ఆ తర్వాత 'కింగ్ ఆఫ్ స్కార్స్' రెండు (2019, 2021). మధ్య జంట నుంచి మొదలెట్టొచ్చు, పాత మూడు భాగాల ముగింపు కొంత బయటపడుతుంది, అంతే. చివరి జంట మాత్రం ముందు ఐదూ చదవకుండా ఒక్క ముక్క అర్థం కాదు. నెట్‌ఫ్లిక్స్ సిరీస్ (2021) చూసి వచ్చేవాళ్లకి ఇంకో హెచ్చరిక. అందులో 'షాడో అండ్ బోన్', 'సిక్స్ ఆఫ్ క్రోస్' రెండు కథల్నీ ఒకే కాలంలో కలిపేశారు. పుస్తకాల్లో 'సిక్స్ ఆఫ్ క్రోస్' దొంగల ముఠా కథ మొదటి మూడు భాగాలు ముగిశాక జరిగేది. సిరీస్‌ని 2023లో ఆపేశారు కాబట్టి మిగతా కథ పుస్తకాల్లోనే.

#7 జ్వాలాద్వీపం

వరుస సరే నాయనా, భాగానికీ భాగానికీ మధ్య మూడేళ్లు, నాలుగేళ్లు అయితే ముందు కథ ఎవరికి గుర్తుంటుంది? చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ వచ్చే రోజుల్లో ప్రతి భాగం నెత్తిన జరిగిన కథ నాలుగు వాక్యాల్లో ఇచ్చేవారు. 'కంచుకోట', 'రాకాసిలోయ', 'మాయాసరోవరం', ఏదైనా నెల మధ్యలో పట్టుకున్నా దారి తెలిసేది. మాంత్రికులు, రాక్షసులు, అడవి దారులు, ఇద్దరు కుర్ర వీరులు. వయసు చీటీ అతికించలేదుగానీ వైఏ అంటే అదే కదా! ఆరు వందల పేజీల రెండో భాగంలో అర పేజీ 'జరిగిన కథ' వేయడానికి వీళ్లకేం రోగం?

#8 మూడోభాగం

మాస్టారూ, ఆ మాటకి వంద దండాలు. వేసేవాళ్లు బహు తక్కువ. చాలామంది రచయితలు రెండో భాగం మొదటి మూడు అధ్యాయాల్లో సంభాషణల మధ్య పాత కథ ఇరికిస్తారు, అది గుర్తున్నవాళ్లకి విసుగు, మరిచిపోయినవాళ్లకి చాలదు.

ఇది బాగా దెబ్బకొట్టింది టోమి అడెయెమి ఒరీషా సిరీస్‌ని. 'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్' 2018, రెండోది 2019 డిసెంబర్, మూడోది 'చిల్డ్రన్ ఆఫ్ ఆంగ్విష్ అండ్ అనార్కీ' 2024 జూన్. మధ్యలో నాలుగున్నరేళ్లు. 'మాజీ' అంటే అందులో మాయ ఉన్న జనం. వాళ్లలో పది తెగలు, ఒక్కో తెగకి ఒక్కో దేవత, ఒక్కో శక్తి, అన్నీ యోరుబా (పశ్చిమ ఆఫ్రికా భాష) పేర్లు. మొదటి భాగం ముందు పేజీల్లో తెగల పట్టిక ఉంటుంది, దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. మూడో భాగం చదివేటప్పుడు కావలసింది అదే.

మరిచిపోకుండా ఉండటానికి పనికొచ్చేది ఒకటే. పుస్తకం ముగించిన రోజే ఒక చీటీ మీద ఐదు సంగతులు రాసి చివరి అట్ట లోపల పెట్టాలి: ఎవరు చచ్చారు, ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి ఏ రహస్యం తెలుసు, ఏ వస్తువు ఎవరి దగ్గరుంది, చివరి పేజీలో ఏం జరిగింది. మూడోది ముఖ్యం. సంఘటనలు మళ్లీ తిరగేస్తే దొరుకుతాయి, ఎవరికి ఏం తెలుసన్నది దొరకదు. రెండో భాగం మలుపులన్నీ దాని మీదే ఆధారపడతాయి.

#9 టోపీలేనిమాంత్రికుడు

ఒరీషా మూడోది ఎలా ఉంది? రెండో భాగం దగ్గర ఆగిపోయా. సినిమా 2027లో అన్నారు కదా, ఈలోపు పూర్తి చేద్దామని.

#10 మూడోభాగం

సినిమా కోసమే అయితే మొదటిది చాలు. మూడోది తొందరపడి ముగించినట్టుంది. మొదటి రెండు భాగాల్లో తగువు ఇంట్లోది: మాయ ఉన్న మాజీలకీ, వాళ్ల మీద దాడి చేయించి మాయని తుడిచేసిన రాజరికానికీ. అన్నాచెల్లెళ్లు చెరోవైపు, స్నేహితురాళ్ల మధ్య నమ్మకద్రోహం. అది తేలకముందే మూడోదానిలో సముద్రం దాటి కొత్త శత్రువు దిగుతాడు, అందరూ అతని మీదికి ఏకమవుతారు. పాత లెక్కలు తేల్చాల్సిన పని తప్పిపోయింది. బయటి శత్రువు రాగానే ఇంటి తగువు ఆవిరి కావడం మూడు భాగాల కథల్లో పాత జబ్బే, ఇందులో మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

#11 ఫ్రిస్కోపిచ్చుక

హంగర్ గేమ్స్ కొత్తది 'సన్‌రైజ్ ఆన్ ద రీపింగ్' (2025 మార్చి) ఇందులో వస్తుందా? సినిమా కూడా 2026 నవంబర్ అన్నారు.

#12 పాలపిట్ట

వైఏ అవును, ఫాంటసీ కాదండీ, డిస్టోపియా, అంటే దారి తప్పిన భావి సమాజం కథ. మాయ లేదు. అయినా వరుస చెప్పి వదిలేస్తా. కాలక్రమంలో చూస్తే 2020 నాటి 'ది బ్యాలడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్' 10వ క్రీడల కథ, కొత్తది 50వ క్రీడల కథ, మొదటి నవల 74వది. కాలక్రమంలో చదవకండి, వచ్చిన వరుసలోనే చదవండి. కొత్తదాని నాయకుడు హేమిచ్ ఏమవుతాడో ముందే తెలిసి చదివితేనే కొత్త నవల గుచ్చుకుంటుంది.

పూర్వకథలన్నిటికీ ఇదే మందు అనుకోండి. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ఫిలిప్ పుల్‌మన్ 'ది బుక్ ఆఫ్ డస్ట్' మూడో భాగం 'ది రోజ్ ఫీల్డ్' 2025 అక్టోబర్ 23న వచ్చింది. లైరా అనే అమ్మాయి కథే అయిన పాత 'హిజ్ డార్క్ మెటీరియల్స్' మూడు భాగాలు (1995 నుంచి 2000) పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు కూడా చదివారు. కొత్త మూడిట్లో మొదటిది 'లా బెల్ సావేజ్' (2017)లో లైరా పసిపాప, రెండోది 'ది సీక్రెట్ కామన్వెల్త్' (2019)లో ఇరవై ఏళ్ల యువతి. ఆ రెండోదానిలో రైలులో జరిగే దాడి సన్నివేశం పిల్లలు చదవదగ్గది కాదు. లైరా కథే కదా అని ఆరూ కలిపి ఏడో తరగతి పిల్లాడికి ఇవ్వొద్దు.

ఆ పాత సిరీస్‌లోనే ఇంకో మోసం ఉంది. మొదటి భాగం ఇంగ్లండ్‌లో 'నార్తర్న్ లైట్స్', అమెరికాలో 'ది గోల్డెన్ కంపాస్'. పుస్తకం ఒకటే. మన దగ్గర బ్రిటన్ ముద్రణా దొరుకుతుంది, అమెరికా ముద్రణా దొరుకుతుంది, రెండూ కొనేసి మూడు భాగాలు పూర్తయ్యాయి అనుకునేవాళ్లున్నారు.

#13 జ్వాలాద్వీపం

మన పురాణాల మీద ఇంగ్లీషులో వస్తున్న వాటి గురించి చెప్పండి. పేర్లు చూస్తే ఆశ పుడుతుంది, తెరిస్తే ఎలా ఉంటాయో.

#14 అట్టవెనక

మాస్టారూ, వాటిని రెండు గంపల్లో వేయాలి.

మొదటి గంప వైఏ కాదు, పదేళ్ల పిల్లలవి. రోషని చోక్షి 'ఆరు షా' ఐదు పుస్తకాలు (2018 నుంచి 2022). పాండవుల ఆత్మలతో మళ్లీ పుట్టిన అమ్మాయిల కథ, హాస్యంగా సాగుతుంది. భారతం ఇంట్లో విన్న పిల్లలకి అందులో సగం జోకులు వాటంతటవే తెలుస్తాయి.

రెండో గంప అసలు వైఏ. అదే రచయిత్రి 'ది స్టార్ టచ్డ్ క్వీన్' (2016). మాయ అనే రాకుమారి జాతకంలో మృత్యువుతో పెళ్లి రాసి ఉంటుంది. ఇక్కడినుంచి స్పాయిలర్, చదవని వాళ్లు తర్వాతి పేరాకి పోండి. ఆమెని పెళ్లాడి తీసుకుపోయినవాడి రాజ్యం పేరు 'అకరన్'. ఆ పేరులో రోమన్ అక్షరాలను వెనకనుంచి చదవండి. 'నరక' వస్తుంది. అమెరికా పాఠకుడికి కథ చాలాదూరం పోయాక తెలిసే గుట్టు మనవాళ్లకి ఆ పేరు దగ్గరే దొరికిపోవచ్చు. తెలిసినా చెడదు, మాయకి ఎప్పుడు తెలుస్తుందా అని ఎదురుచూస్తాం. భాష మాత్రం మరీ తీపి, ప్రతి వాక్యానికీ ఒక ఉపమానం. రోజుకి ముప్ఫై పేజీలు దాటితే మొహం మొత్తుతుంది.

తనాజ్ భథేనా 'హంటెడ్ బై ది స్కై' (2020), 'రైజింగ్ లైక్ ఎ స్టార్మ్' (2021): మధ్యయుగాల భారతదేశాన్ని పోలిన అంబర్ రాజ్యం, నక్షత్రం గుర్తుతో పుట్టిన ఆడపిల్లల్ని వేటాడే రాజు. రెండింటితో పూర్తి. కథ తిన్నగా పోతుంది, పురాణాల బరువు లేదు. స్వాతి తీర్థాల 'ది టైగర్ ఎట్ మిడ్‌నైట్' మూడు భాగాలు (2019, 2020, 2021): తిరుగుబాటు పక్షాన హంతకురాలు ఈషా, ఆమెని పట్టుకోవాల్సిన సైనికుడు కునాల్. మొదటి భాగం ఎలుకా పిల్లీ ఆట, అదే బాగుంది. రెండో భాగంలో సభలు, సంధులు ఎక్కువై నీరసపడింది.

వీటిలో మనకి పంటికింద రాయిలా తగిలేది వరసలు. తండ్రిని, మామని, పెద్దమ్మని అందరూ పేరు పెట్టి పిలుస్తారు, లేదా ఒకే 'ఆంటీ'. రాజసభలో ఎవరు ఎవరి ముందు కూర్చుంటారో, ఎవరు నిలబడతారో ఉండదు. చీర కట్టినంత మాత్రాన కథ ఈ నేల మీదికి రాదు.

#15 టోపీలేనిమాంత్రికుడు

కాపీల సంగతి కూడా ఎవరైనా రాయండి. అంచులకి రంగులేసిన స్పెషల్ ఎడిషన్లు కొనొచ్చా? రోడ్డు మీద మూడో వంతు ధరకి దొరికేవి చదవొచ్చా?

#16 పాలపిట్ట

రంగు అంచులవి చాలావాటికి మొదటి ముద్రణ వరకే. రెండో ముద్రణలో అదే ధరకి తెల్ల అంచు వస్తుంది. ఆన్‌లైన్‌లో ఫోటో పాతదే ఉంటుంది, అందుకని వివరాల్లో 'ఫస్ట్ ప్రింటింగ్' అన్న మాట ఉందో లేదో చూసి ఆర్డర్ పెట్టండి. మన వాతావరణంలో ఇంకో బాధ ఉంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో చెమ్మకి రంగు అంచు పేజీలు ఒకదానికొకటి అంటుకుంటాయి. కొత్త పుస్తకం రాగానే బొటనవేలితో అంచు పొడుగునా పేజీలన్నీ ఒకసారి నెమ్మదిగా వదులు చేయండి. గబుక్కున తెరిస్తే రంగు చిట్లి తెల్ల మచ్చలు పడతాయి. అట్ట మీది బంగారు రేకు చేతి చెమటకి పోతుంది. చదివేటప్పుడు పైతొడుగు తీసి పక్కన పెడితే చాలు.

దొంగ ముద్రణలు వద్దంటే వద్దు. రచయితకి రూపాయి రాదు, అది ఎటూ ఉంది. ఫాంటసీలో అదనపు నష్టం మ్యాపు. రెండు పేజీల మీద పరిచిన మ్యాపుని స్కాన్ చేసి వేస్తే నడుమున ఉన్న ఊర్లన్నీ కుట్టులోకి పోతాయి, చిన్న అక్షరాలు మసకబారతాయి. పోల్చుకోవాలంటే ముందు మ్యాపు పేజీ తెరవండి, తర్వాత ఏదైనా అధ్యాయం మొదటి పేజీ. అలంకారపు అక్షరం చుట్టూ బూడిదరంగు మరకలుంటే దొంగదే. వెనక ఐఎస్‌బీఎన్ పదమూడు అంకెలు ఫోన్‌లో కొట్టి చూడండి. చేతిలో పేపర్‌బ్యాక్ ఉండి నంబరు హార్డ్‌కవర్‌ది చూపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. నంబరు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, దాన్ని కూడా ఎత్తి వేస్తారు. మధ్యలో పదహారు పేజీలు ఎగిరిపోవడం, లేదా అవే రెండుసార్లు రావడం కూడా వీటిలో మామూలే.

#17 ఫ్రిస్కోపిచ్చుక

అమెరికాలో ఉన్నవాళ్లకి: లైబ్రరీ కార్డు ఉంటే లిబ్బీ యాప్‌లో ఇవన్నీ ఈబుక్, ఆడియో రెండూ అడగొచ్చు. కొత్త నవలకి క్యూ పెద్దది, అందుకే విడుదలకి ముందే, లైబ్రరీ ఆ పుస్తకాన్ని యాప్‌లో పెట్టగానే హోల్డ్ పెట్టేయండి. ఇక్కడ పుస్తకాలు ఎక్కువగా మంగళవారం విడుదలవుతాయి, బ్రిటన్‌లో గురువారం. మీ వంతు వచ్చినప్పుడు చదివే తీరిక లేకపోతే వదులుకోనక్కర్లేదు, 'తర్వాత ఇవ్వండి' అనే ఆప్షన్ ఉంది, క్యూలో చోటు పోదు. సిరీస్ అయితే మొదటి భాగం చేతికొచ్చిన రోజే రెండోదానికి హోల్డ్ పెట్టండి.

ఒరీషా సిరీస్ మాత్రం ఆడియోలో వినండి. యోరుబా మంత్రాలు కాగితం మీద కళ్లు దాటేసి పోతాయి, చదివి వినిపిస్తే వాటి ఊపు తెలుస్తుంది.

#18 మూడోభాగం

రాబోయేవి కనిపెట్టడానికి నాకు తెలిసిన సులువైన దారి లోడ్‌స్టార్ తుది జాబితా. 2018లో మొదలైంది, ఏటా ఆరు పేర్లు వస్తాయి. గెలిచినదానికన్నా ఆ ఆరూ చూడటం మేలు. 2025లో గెలిచింది డార్సీ లిటిల్ బ్యాడ్జర్ 'షీనె లెండె'. అది 'ఎలట్సో' (2020)కి పూర్వకథ, అమ్మమ్మ తరం. ఇక్కడ మాత్రం నా నియమం నేనే తప్పుతా, ఏది ముందు చదివినా నష్టం లేదు. చనిపోయిన జంతువుల ఆత్మల్ని పిలిచే విద్య ఇంటి ఆడవాళ్లలో తరం నుంచి తరానికి వస్తుంది, అది రెండింట్లోనూ మొదట్లోనే చెప్పేస్తారు.

#19 టోపీలేనిమాంత్రికుడు

చివరి ప్రశ్న. 'హెయిర్' ఆగమన్నారు కదా. రెండోది వచ్చేలోపు పాత 'ఎంబర్ ఇన్ ది యాషెస్' నాలుగూ చదవాలా? హెయిర్ విడిగా చదవొచ్చని అట్ట మీద ఉంది.

#20 అట్టవెనక

విడిగా చదివితే అర్థమవుతుంది, నిజమే. ఇరవై ఏళ్ల తర్వాతి కథ, ఐజ్, సిర్షా, క్విల్ ముగ్గురూ చెప్పేది. కానీ క్విల్ ఎవరి మేనల్లుడో, సింహాసనం మీద ఎవరున్నారో మొదట్లోనే తెలిసిపోతుంది. ఆ రెండూ తెలిశాక పాత నాలుగు భాగాల్లో (2015, 2016, 2018, 2020) ఎవరు మిగులుతారు, ఎవరు పోతారు అన్న దడ పోతుంది. వెనక్కి వెళ్లి చదివినా రుచి ఉండదు.

పాతవి నాలుగూ ముందు కానివ్వు. మొదటిదానిలో లైయా భాగం, ఎలియస్ భాగం మార్చి మార్చి వస్తాయి. బడి లోపలి పోటీలు మొదలయ్యేదాకా ఎలియస్ అధ్యాయాలే లాగుతాయి, లైయాది గొణుగుడు అనిపిస్తుంది. దాటేయకు. ఆమె ఆ బడి కమాండెంట్ ఇంట్లో బానిసగా చేరి విన్న మాటలే తర్వాత పనికొస్తాయి. మూడోది ముగించాక మన 'మూడోభాగం' గారు చెప్పిన చీటీ రాసి పెట్టుకో, నాలుగోది తెరవగానే కావాలి.